జగర్గుండా బడికి బీజగణితాన్ని పోటీ పెట్టకండి

జగర్గుండాలో 2006లో మూతపడ్డ బడి మళ్లీ తెరుచుకున్నది 2019లో. మధ్యలో పదమూడేళ్లు. ప్రభుత్వ అండ ఉన్న సల్వా జుడుం దళాలకూ మావోయిస్టులకూ నడుమ సాగిన యుద్ధంలో బడి భవనాలు కూలాయి, ఊరు ముళ్లకంచె లోపలి శిబిరమైంది, పిల్లల్లో కొందరు దోర్నపాల్ వెళ్లి చదివారు, చాలామంది చదువే మానేశారు. తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా, ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఉన్న ఇలాంటి ఊళ్లను చూపించి మన దగ్గర ఒక వాదన చేస్తుంటారు. బడికి గోడలే నిలవని చోట్లున్న దేశంలో, విశ్వవిద్యాలయంలో కూర్చుని వలయాలు, జాలకాలు అనే బీజగణిత నిర్మాణాల మీద సిద్ధాంతాలు రాసే ప్రొఫెసర్‌ను ప్రజాధనంతో ఎందుకు పోషించాలి అన్నది ఆ వాదన.

ఈ మాట అనేవాళ్లు చదువంటే గిట్టనివాళ్లు కారు. వాళ్లలో ఉపాధ్యాయులున్నారు, ఆదివాసీల కోసం పనిచేసేవాళ్లున్నారు, పత్రికల్లో రాసేవాళ్లున్నారు. వాళ్ల వాదనను నిజాయితీగా చెప్పాలంటే ఇలా చెప్పాలి. ప్రభుత్వం దగ్గరున్న డబ్బు పరిమితం, కాబట్టి ముందు అందాల్సినవాళ్లకు ముందు అందాలి. అమూర్త బీజగణితం వల్ల సామాన్యుడికి ఒరిగేది లేదు. దాని పేరుతో జీతం తీసుకునే అధ్యాపకుడు వారంలో కొద్ది గంటలే పాఠం చెబుతాడు. పైగా మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో జరుగుతున్నది ప్రమోషన్ల కోసం కాగితాలు నింపడమే, అసలు గణితం ముంబయిలోని టాటా ప్రాథమిక పరిశోధన సంస్థలోనో విదేశాల్లోనో జరుగుతుంది. అందుచేత ఇక్కడివాళ్లు పాఠం చెబితే చాలు, పరిశోధన అక్కర్లేదు. అడవిలోని పిల్లవాడికైతే ఈ గణితం అసలే అక్కర్లేదు, చేతిపని నేర్పితే చాలు. వినడానికి ఇందులో ప్రతి మాటా న్యాయంగానే ఉంటుంది. ఒక్కొక్కటిగా పరీక్షిస్తే ఏదీ నిలబడదు.

ఒకటి: ఆ డబ్బు అక్కడికి వెళ్తుందా?

వాదన మొత్తం ఒక లెక్క మీద నిలబడింది. ఇక్కడ తగ్గిస్తే అక్కడ పెరుగుతుందన్నది ఆ లెక్క. కానీ ఇక్కడి నుంచి అక్కడికి దారి ఏదో ఎవరూ చూపించరు. వాల్తేరులోనో హైదరాబాద్‌లోనో బీజగణితం మీద ఖర్చు పెట్టినందువల్ల జగర్గుండా బడి మూతపడలేదు. అది యుద్ధం వల్ల మూతపడింది. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టుకుని ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తేల్చిన తర్వాత కూడా అది ఎనిమిదేళ్ల పాటు తెరుచుకోలేదు. ఆ కాలమంతా తెరిపించాల్సిన బాధ్యత పాలకులది.

ఛత్తీస్‌గఢ్ బడ్జెట్ వేరు, మన బడ్జెట్ వేరు అనవచ్చు. సరే, తెలంగాణ లోపలి సంగతే చూద్దాం. బస్తర్ హింస నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయలు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. వాళ్లు వచ్చి స్థిరపడుతున్న ఆ ఏళ్లలోనే మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్లు ఒక్కొక్కరే రిటైరవుతూ పోయారు. వాళ్ల స్థానాల్లో చాలావాటికి నియామకాలే జరగలేదు, కాంట్రాక్టు అధ్యాపకులతో, పార్ట్‌టైం వాళ్లతో నెట్టుకొస్తున్నారు. పరిశోధన మీద ఖర్చు తగ్గించాలన్నవాళ్ల కోరిక ఆ విధంగా చాలావరకు తీరింది. మరి ఆ మిగులు గుత్తికోయ గూడేనికి బడిగా మారి వచ్చిందా? రాలేదు. విశ్వవిద్యాలయాన్ని ఖాళీగా ఉంచిన చెయ్యే గూడెంలో బడినీ లేకుండా ఉంచింది. ఒకే చేతిలో నష్టపోయిన ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, నీ కూడు వాడు తింటున్నాడని ఒకరికి చెప్పడం న్యాయం కాదు. దాంతో బడ్జెట్ రాసినవాడు ప్రశ్న నుంచి తప్పించుకుంటున్నాడు.

ఖర్చు సంగతి కూడా తెలుసుకుని మాట్లాడాలి. శాస్త్ర విభాగాలన్నింటిలో బీజగణితానికి అయ్యే ఖర్చు అతి తక్కువ. ప్రయోగశాల ఉండదు, రసాయనాలుండవు, యంత్రాలుండవు. కావలసినవి జీతం, గ్రంథాలయం, పత్రికల చందా, ఏడాదికి ఒకటి రెండు సదస్సులకు ప్రయాణ ఖర్చు. అంతే.

రెండు: ఎవరికి ఉపయోగం అన్న ప్రశ్న

జగర్గుండాలో రేషన్ బియ్యం తీసుకోవాలన్నా ఆధార్ సంఖ్య కావాలి. పన్నెండు అంకెల ఆ సంఖ్యలో చివరి అంకెను ముందున్న పదకొండు అంకెల నుంచి లెక్కగడతారు. సంఖ్యను నమోదు చేసేవాళ్లు ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలను తారుమారు చేసినా ఆ చివరి అంకె పట్టిస్తుంది. ఈ పద్ధతిని 1969లో డచ్ గణితజ్ఞుడు వెర్‌హోఫ్ కనిపెట్టాడు. అంకెలను ఏవో గుణకాలతో హెచ్చించి, కూడి, పదితో భాగించి శేషం చూసే మామూలు పద్ధతులేవీ ఈ రెండు రకాల తప్పులనూ పూర్తిగా పట్టలేవు. వెర్‌హోఫ్ మామూలు కూడిక బదులు సమ పంచభుజిని దాని మీదికే తెచ్చిపెట్టే పది కదలికల సమూహాన్ని వాడాడు. ఆ సమూహంలో ముందు ఒక కదలిక, తర్వాత మరొకటి చేస్తే వచ్చే ఫలితం, వాటి వరుస మారిస్తే మారిపోవచ్చు. వరుస మారితే ఫలితం మారగలదు కాబట్టే అంకెల తారుమారును పట్టే పద్ధతి కుదిరింది. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో విద్యార్థి చదివే సమూహ సిద్ధాంతం ఇదే. చదివినవాళ్లలో చాలామందికి అది తమ జేబులోని కార్డులో ఉందని ఎవరూ చెప్పి ఉండరు. క్యూఆర్ కోడ్ కొంత చెరిగినా ఫోన్ చదవగలగడం వెనక పరిమిత క్షేత్రాల బీజగణితముంది. ఆ క్షేత్రాలను మొదట అర్థం చేసుకున్న గాల్వా 1832లో ఇరవై ఏళ్లకే చనిపోయాడు. వాటి నుంచి రీడ్, సాలమన్ తప్పులు దిద్దే సంకేతాన్ని తయారుచేసింది 1960లో.

అయినా నా వాదనను దీని మీదే నిలబెట్టను. ఉపయోగం చూపించి గణితాన్ని సమర్థించేవాళ్లు ప్రత్యర్థి కొలబద్దనే ఒప్పుకున్నవాళ్లవుతారు. రాసిన సిద్ధాంతాల్లో అధికభాగం ఏ రేషన్ దుకాణానికీ చేరవు. ఏది చేరుతుందో ముందుగా చెప్పగలిగినవాళ్లు ఇంతవరకు పుట్టలేదు. చేరనివాటికీ విలువుంది. ఆలోచనకు కచ్చితత్వం నేర్పే పని, ఒక ప్రశ్నను దాని మూలం దాకా తవ్వే పని ఒక సమాజంలో ఎవరో ఒకరు చేస్తూ ఉండాలి. ఆ పనికి బడ్జెట్లో చోటు లేదన్న సమాజం ఇతరులు తయారుచేసిన ఆలోచనలను దిగుమతి చేసుకుంటూ బతుకుతుంది, వాటిని పరీక్షించే శక్తి కూడా దానికి మిగలదు. ఉపయోగం ఎక్కడని అడిగేవాళ్లు ఆ దిగుమతి ఖర్చును లెక్కలో వేయరు.

మూడు: వారానికి పద్నాలుగు గంటలు

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటలు నేరుగా బోధించాలి. ఆ నిబంధనల్లోనే మొత్తం పనిభారం వారానికి 40 గంటలకు తగ్గకూడదని కూడా ఉంది. మొదటి సంఖ్యను మాత్రమే ఎత్తి చూపి రెండోదాన్ని దాచిపెట్టే వ్యాసాలు చాలా వచ్చాయి. గాల్వా సిద్ధాంతం మీద గంట పాఠానికి ఎన్ని గంటల తయారీ కావాలో చెప్పినవాళ్లకే తెలుస్తుంది. తర్వాత పరిశోధక విద్యార్థి తెచ్చిన ఉపపత్తిని వరుస వరుసగా చదివి అది ఎక్కడ విరుగుతుందో పట్టుకోవాలి. పత్రికలు పంపిన వ్యాసాలను పైసా తీసుకోకుండా పరిశీలించాలి. అనుబంధ కళాశాలల ప్రశ్నపత్రాలు, జవాబుపత్రాలు చూడాలి, న్యాక్ తనిఖీకి వచ్చినప్పుడు ఫైళ్లు నింపాలి. ఇవన్నీ అయ్యాక మిగిలిన సమయంలో సొంత ప్రశ్న గురించి ఆలోచించాలి.

ఆ ఆలోచన బయటికి కనిపించదు, అనుమానాలకు మూలం అదే. రసాయన శాస్త్రవేత్త పని ప్రయోగశాలలో కనిపిస్తుంది. బీజగణితజ్ఞుడి పని చాలాసార్లు గోడవైపు చూస్తూ కూర్చున్నట్టుంటుంది. ఆరు నెలలు నడిచిన దారి మూసుకుపోతే చూపించడానికి ఏమీ ఉండదు. ఆ దారి మూసుకుందన్న జ్ఞానమే మిగులుతుంది, దాన్ని ఏ పత్రికా అచ్చు వేయదు.

నాలుగు: మనవాళ్ల వల్ల అవుతుందా?

ఇది అన్నింటికంటే హానికరమైన వాదన, ఎందుకంటే దీన్ని మనమే మన గురించి నమ్ముతున్నాం. సాక్ష్యం చూద్దాం.

నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరులో పుట్టి అక్కడి జిల్లా పరిషత్ బడిలో చదువుకున్న వేనపల్లి సురేశ్ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి, టాటా సంస్థలో రామన్ పరిమళ దగ్గర పరిశోధన చేసి, తిరిగి హైదరాబాద్ విశ్వవిద్యాలయానికే అధ్యాపకుడిగా వచ్చారు. ఆయన, పరిమళ కలిసి తేల్చిన ప్రశ్న ఒకటుంది. p-ఆదిక సంఖ్యల (p ఒక ప్రధాన సంఖ్య) మీది వక్రాల ప్రమేయ క్షేత్రాల్లో, ఎన్ని చలరాశులు దాటితే ప్రతి ద్విఘాత రూపానికీ సున్నా కాని మూలం తప్పక దొరుకుతుంది? ఎనిమిది దాటితే చాలునని నిపుణులు ఊహించారు. కానీ 1990ల చివరిదాకా అలాంటి హద్దు అసలు ఉందో లేదో కూడా తెలియదు. మెర్కుర్యెవ్ 26 అన్న హద్దు చూపించారు, హాఫ్‌మన్, వాన్ గీల్ దాన్ని 22కు దించారు. 1998లో పరిమళ, సురేశ్ 10కి దించారు. అక్కడి నుంచి 8కి రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. p రెండు కానప్పుడు 8 సరిపోతుందని నిరూపించిన వ్యాసం 2010లో ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో అచ్చయింది. గణితంలో అంతకన్నా పేరున్న పత్రిక లేదు. వ్యాసం నిడివి 15 పేజీలు. సురేశ్‌కు 2009లో భట్నాగర్ పురస్కారం వచ్చింది, 2010లో హైదరాబాద్‌లోనే జరిగిన అంతర్జాతీయ గణితజ్ఞుల మహాసభలో ప్రసంగించే ఆహ్వానం వచ్చింది. సురేశ్ ఈ పని చేసింది గచ్చిబౌలి దారిలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో. పది నుంచి ఎనిమిదికి దిగే ఆ దశాబ్దంలో ప్రతి ఏడాది చివర, ఈ ప్రశ్న మీద ఏం సాధించారో కాగితం మీద చూపించండని గుమస్తా లెక్క అడిగి ఉంటే ఏం రాయాలి?

అది కేంద్ర విశ్వవిద్యాలయం, ఆయన అరుదైన ప్రతిభావంతుడు, చివరికి ఆయనా అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు అంటారు. సరే, రాష్ట్ర విశ్వవిద్యాలయానికే వద్దాం. హార్వర్డ్‌లోని బిర్కాఫ్ జాలక సిద్ధాంతం మీద రాసిన పుస్తకంలో ఒక ప్రశ్న వేశారు. బూలియన్ బీజగణితాలను, జాలక క్రమం ఉన్న సమూహాలను ఒకే గూటి కిందికి తెచ్చే నిర్మాణం ఏదైనా ఉందా? ఈ ప్రశ్నను వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం పట్టించుకుంది. అక్కడ ఎన్.వి. సుబ్రహ్మణ్యం బూలియన్ సదిశాంతరాళాల మీద పనిచేస్తున్న కాలంలోనే, 1965లో కె.ఎల్.ఎన్. స్వామి జర్మన్ పత్రిక మాథమాటిషె అనాలెన్‌లో ఒక కొత్త రకం అర్ధసమూహాలను ప్రవేశపెట్టారు. నాకు తెలిసి ఆ రోజుల్లో వాటి ఉపయోగం ఏమిటని ఎవరైనా అడిగి ఉంటే చెప్పడానికి ఏమీ లేదు. ముప్పై మూడేళ్ల తర్వాత, 1998లో, చెక్ దేశంలోని ఓలోమౌట్స్‌లో రాహునెక్ అనే గణితజ్ఞుడు ఒక సంగతి చూపించారు. నిజం, అబద్ధం అన్న రెండే విలువలకు కట్టుబడకుండా నడుమ విలువలను కూడా ఒప్పుకునే తర్కానికి పునాదిగా సి.సి. చాంగ్ 1958లో ఇచ్చిన బీజగణితాలు, స్వామి అర్ధసమూహాల్లోని ఒక తరగతి, రెండూ ఒకటే. ఓలోమౌట్స్‌లో వాల్తేరు నిర్మాణం మీద పరిశోధన ఏళ్ల తరబడి సాగింది. 1981లో వాల్తేరు నుంచే యు.ఎం. స్వామి, జి.సి. రావు ఆస్ట్రేలియా గణిత సంఘం పత్రికలో ప్రవేశపెట్టిన దాదాపు వితరణ జాలకాల మీద ఇప్పుడు ఇథియోపియా విశ్వవిద్యాలయాల్లో పరిశోధకులు పనిచేస్తున్నారు. కనిపించని ఈ చరిత్రను మన పాఠకులకు మన పత్రికలు చెప్పలేదు. చెప్పకుండా, మనవాళ్లు ఏమీ చేయలేదన్న తీర్పు ఇచ్చేశాం.

ఇందులో ప్రత్యర్థి మాటలో నిజమున్న భాగాన్ని దాచను. పనికిరాని వ్యాసాలు మన విశ్వవిద్యాలయాల నుంచి వచ్చాయి, వస్తున్నాయి. ఒక నిర్వచనంలో ఒక షరతు సడలించి, పాత సిద్ధాంతాలనే మళ్లీ రాసి, డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికలకు పంపినవాళ్లున్నారు. కానీ అది ఎక్కడి నుంచి పుట్టింది? 2010లో యూజీసీ అధ్యాపకుడి పనిని పాయింట్లుగా కొలిచే పద్ధతి తెచ్చింది. వ్యాసానికి ఇన్ని, పుస్తకానికి ఇన్ని అని లెక్కపెట్టి ప్రమోషన్ ఇచ్చారు. పదేళ్లు పట్టే ప్రశ్నను ఎంచుకున్నవాడు వెనకబడ్డాడు, ఏడాదికి ఆరు చిన్న వ్యాసాలు అచ్చువేయించినవాడు ముందుకెళ్లాడు. దొంగ పత్రికలను ఏరడానికి తెచ్చిన కేర్ జాబితాను కొన్నేళ్లకే యూజీసీ ఎత్తేసింది. ప్రజాధనానికి ఫలితం చూపించాలన్న తొందరే ఈ కొలతను పుట్టించింది, ఆ కొలతే చెత్తను పుట్టించింది. ఆ చెత్తను చూపించి పరిశోధననే మూసేయాలనడం, తప్పుడు మందు ఇచ్చిన వైద్యుణ్ని వదిలి రోగిని శిక్షించడం.

పరిశోధన టాటా సంస్థకు వదిలి ఇక్కడ పాఠం మాత్రం చెప్పాలన్న మాటకు ఇంకో జవాబుంది. టాటా సంస్థకు విద్యార్థి ఎక్కడి నుంచి వెళ్తాడు? సురేశ్ హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి వెళ్లారు. సిద్ధాంతం అంటే ఏమిటో, తెలియని ప్రశ్న ముందు కూర్చోవడం అంటే ఏమిటో స్వయంగా ఎరిగిన గురువు ఎమ్మెస్సీలో లేకపోతే, విద్యార్థికి గణితం అంటే పూర్తయిపోయిన విషయంగా, గైడులో ఉన్న ఉపపత్తిని పరీక్షలో దించే విద్యగా అందుతుంది. ఎమ్మెస్సీలో అలా చదివినవాడే డిగ్రీ కళాశాలకు లెక్చరర్‌గా వెళ్తాడు, అతని విద్యార్థి హైస్కూలుకు వెళ్తాడు, చివరికి జగర్గుండా లాంటి ఊరి బడిలో నల్లబల్ల ముందు నిలబడేది ఆ వరుసలోని వ్యక్తే. పైన ఎండగట్టి కింద నీళ్లు పారిస్తామనేవాళ్లు ఈ వరుసను ఒక్కసారైనా కింది నుంచి పైకి చూడాలి.

ఐదు: అడవి పిల్లలకు ఎంత గణితం చాలు?

ఇక్కడే నాకు కోపం వస్తుంది. జగర్గుండా పేరు ఎత్తిన వాదన చివరికి ఆ ఊరి పిల్లలకు ఇచ్చేది ఏమిటి? కూడికలు, తీసివేతలు, ఒక చేతిపని. చేతిపనిని నేను తక్కువ చేయడం లేదు, అది నేర్చుకునే హక్కు వాళ్లకుంది. కానీ నగరంలో మన పిల్లలకు ఐఐటీ ఫౌండేషన్ ఆరో తరగతి నుంచే కావాలంటూ, పదమూడేళ్లు బడి పోగొట్టుకున్న ఊరి పిల్లలకు ఇంత చాలునని గీత గీసే అధికారం మనకు ఎవరిచ్చారు? వాళ్ల పేదరికాన్ని చూపించి విశ్వవిద్యాలయ పరిశోధనను మూసేస్తే, ఆ పిల్లల్లో ఒకరు పెద్దయ్యాక చేరాల్సిన విభాగాన్ని మూసేసినట్టే. డబ్బున్న ఇంటి బిడ్డ బీజగణితం కోసం ప్రిన్‌స్టన్‌కో బాన్‌కో వెళ్లగలడు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం తప్ప మరో దారి లేనిది వంగూరు బిడ్డకు, జగర్గుండా బిడ్డకు. పరిశోధన విలాసమని అంటున్న వాదన ఆచరణలో దాన్ని నిజంగానే విలాసంగా, ఉన్నవాళ్ల సొత్తుగా మారుస్తుంది.

అంత పైచదువు వాళ్లకు ఎప్పుడో గదా అని అడగవచ్చు. ఎప్పుడో కాదు. 2019లో ఆ బడిలో ఆరో తరగతిలో చేరిన పిల్లలు ఇప్పుడు డిగ్రీ వయసుకు వస్తున్నారు. జగ్దల్‌పూర్‌లో 2008లో బస్తర్ విశ్వవిద్యాలయం పేరుతో ఏర్పడ్డ విశ్వవిద్యాలయం ఉంది, సరిహద్దు ఇవతల భద్రాచలంలో డిగ్రీ కళాశాల ఉంది. వాళ్లు అక్కడికి వచ్చినప్పుడు తరగతి గదిలో గణితం తెలిసిన గురువు ఉంటాడా లేదా అన్నది ఇప్పుడు, ఈ నియామకాల్లో తేలుతుంది.

కాబట్టి కోరవలసినవి మూడూ ఒకేసారి కోరాలి. జగర్గుండా నుంచి గుత్తికోయ గూడేల దాకా ప్రతి బడికీ గణితం చదివిన ఉపాధ్యాయుడు కావాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల గణిత విభాగాల్లో ఖాళీలన్నీ శాశ్వత నియామకాలతో నింపాలి. వ్యాసాల సంఖ్యను చూసి ప్రమోషన్ ఇవ్వడం ఆపి, ఆ శాఖ తెలిసినవాళ్లు చదివి చెప్పిన అభిప్రాయం మీద ఇవ్వాలి. ఈ మూడింటికి అయ్యే ఖర్చును ఒకదాని నుంచి కోసి మరొకదానికి పెట్టనక్కర్లేదు. బీజగణితం మానేసి ఆ డబ్బు ఆదివాసీ బడికి ఇవ్వాలని ఎవరైనా ఇక మీదట అంటే, ఏ బడికి, ఏ పద్దు కింద, ఏ సంవత్సరం నుంచి ఇస్తారో అడగండి.